చుక్కాని పట్టిన చేతికి మద్యం తగదు

"అయ్యగారూ, తాగినోనికి మత్తు జల్ది దిగాలంటే ఏం పొయ్యాలె? గంటసేపట్ల పడవ తియ్యాలె."

భూపాలపల్లి, మహదేవపూర్, కాళేశ్వరం ప్రాంతాలలో వైద్యం చేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అడిగేవారు సాధారణంగా తాగినవారు కారు. వారి ఇల్లాండ్రో, తమ్ముళ్ళో, ఆ పడవ ఎక్కవలసిన ప్రయాణికులో అయి ఉంటారు. నిమ్మరసమా, పుల్లని మజ్జిగా, చింతపండు రసమా, తలపై చన్నీళ్ళా అని వారే కొన్ని పేర్లు చెప్పి, వాటిలో దేనికైనా నా ఆమోదం కోరుతారు. ఆయుర్వేదాన్ని గురుముఖంగా అభ్యసించి, వంటింటి దినుసులతో వైద్యం చేసే నావంటివాడు ఏదో ఒక చిట్కా చెప్పకపోతాడా అని వారి ఆశ. దీనికి చిట్కా లేదు. మన వంటింటిలో గాని, నా ఔషధశాలలో గాని, అల్లోపతి మందుల దుకాణంలో గాని తాగినవానిని గంటలో పడవ నడపడానికి అర్హునిగా చేసే ద్రవ్యం లేనే లేదు. ఈ మాటను వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం.

రెండు ఒడ్డుల సంగతి

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు కాళేశ్వరం. ఈవలి ఒడ్డు మనది, ఆవలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు చెందిన సిరోంచ తాలూకా. అక్కడ కూడా ఇంట తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. పెండ్లిసంబంధాలు, సంతబేరాలు నది దాటి సాగుతూనే ఉంటాయి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుండి మద్యనిషేధం అమలులో ఉన్నది. ఒక ఒడ్డున నిషేధం, మరొక ఒడ్డున దుకాణం ఉంటే నడుమనున్న నది ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. వంతెన కట్టకమునుపు ఆవలివారు పడవ ఎక్కి ఈవలికి వచ్చి, తాగి, చీకటిపడే వేళకు మళ్ళీ పడవలోనే ఇండ్లకు మరలడం నేను కన్నులారా చూచినవాడను. పడవ నడిపేవానికి కూడా ఎవరో ఒకరు మర్యాదకు ఒక గుక్క పోసేవారు. మన రాష్ట్రంలో కూడా 1995 జనవరి నుండి 1997 వరకు సంపూర్ణ మద్యనిషేధం ఉండినది. అప్పుడు రెండు ఒడ్డులూ నిషేధంలోనే ఉన్నా గుడుంబాకు మాత్రం కరువు రాలేదు.

ఇప్పుడు వంతెన ఉన్నది, రాకపోకలు చాలావరకు దానిపైననే. అయినా నదిపై పడవలు పోలేదు. వలలు వేసేవారు, సంగమస్నానానికి వచ్చిన యాత్రికులను తిప్పేవారు, లంక భూములలో సేద్యం చేసేవారు ఇంకా పడవనే నమ్ముకొని ఉన్నారు. 2027 గోదావరి పుష్కరాలకు లక్షల జనం ఈ రేవులకు చేరుతారు.

గాలికి బ్రేకు లేదు

మోటారు వాహనం నడిపేవాడు తాగితే ప్రమాదమని నేడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పడవ విషయంలో ఆ జాగ్రత్త లేదు. "నీళ్ళమీద ఎదురొచ్చేదెవరు? నది వెడల్పుగానే ఉన్నది కదా" అంటారు. అది భ్రమ. రోడ్డుపై బండిని ఆపితే బండి ఆగుతుంది. నీటిపై చేయి ఆగినా పడవ ఆగదు. ప్రవాహం దానిని తీసుకొనిపోతూనే ఉంటుంది.

పడవలన్నింటిలోను తెరచాప పడవ మరింత మెలకువ కోరుతుంది. ఒకప్పుడు గోదావరిపై ఇదే రాజవాహనం. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) తరువాత ఏర్పడిన కాలువలలో ధాన్యపు పడవలు చాపలెత్తి సాగేవి. మధ్యపరగణాల ప్రత్తిని నదిమార్గాన సముద్రానికి చేర్చాలని ఆంగ్లేయులు దుమ్ముగూడెం వద్ద, మన ఇచ్చంపల్లి వద్ద పనులు మొదలుపెట్టి 1871లో విడిచిపెట్టారు. ఇప్పుడు మా వైపు గడ, తెడ్డు, డీజిల్ ఇంజనుతో నడిచే నాటు పడవలే ఎక్కువ. తెరచాపలు చూడాలంటే కోస్తా మత్స్యకారుల వద్దనో, హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో పోటీలు జరిగేటప్పుడో చూడవలసిందే.

ఇంజను పడవలో భయం వేస్తే ఇంజను ఆపవచ్చును. తెరచాపకు గాలియే ఇంజను. గాలి ఉధృతమైనపుడు చాపతాడును సమయానికి సడలించడమో, చుక్కాని తిప్పి పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలపడమో చేయాలి. ఆ నిర్ణయానికి దొరికే వ్యవధి రెండు మూడు క్షణాలు. పడవ ఒక ప్రక్కకు ఒరిగినపుడు శరీరాన్ని రెండవ ప్రక్కకు వాల్చి బరువు సరిచేయాలి. గాలి వెనుకనుండి వీస్తూ హఠాత్తుగా దిశ మారితే చాప అడుగున ఉన్న అడ్డకర్ర ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు విసురుగా వస్తుంది. అది సరిగా మనిషి తల ఎత్తులోనే వస్తుంది. మెలకువగా ఉన్నవాడు తల వంచుతాడు. తాగినవాడు "ఏమిటది?" అని తల ఎత్తి చూస్తాడు. దెబ్బతిని నీటిలో పడినవానికి స్పృహ ఉండదు, ఈత వచ్చినా పనికిరాదు.

చరకుడు అజ్ఞుడైన వైద్యుని గాలి వశమైన నావతో పోల్చాడు. భగవద్గీతలో ఇంద్రియాల వెంట పరుగెత్తే మనస్సు బుద్ధిని హరిస్తుందని చెప్పడానికి కూడా గాలికి కొట్టుకొనిపోయే నావయే ఉపమానమైనది. ఆ పోలికలోని రెండు పక్షాలూ ఒకేచోట కలిసినది తాగి చాప ఎత్తినవాని పడవలోనే.

నది మెలకువగా ఉన్నవారిని కూడా క్షమించదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ట అనే పర్యాటక పడవ వరద ఉధృతిలో మునిగి ఎందరో మరణించారు. పడవను బయటికి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టినది. అందులో మద్యం ప్రసక్తి ఉన్నదని నేను అనడం లేదు. ప్రవాహపు బలం ఎంతటిదో గుర్తు చేయడానికే ఆ ఘటనను ప్రస్తావించాను.

మొదటి దశలోనే ముప్పు

చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. లఘువు, ఉష్ణం, తీక్ష్ణం, సూక్ష్మం, ఆమ్లం, వ్యవాయి, ఆశుగం, రూక్షం, వికాసి, విశదం అని మద్యానికి పది గుణాలు చెప్పారు. ఇవి ఓజస్సుకు ఉన్న పది గుణాలకు విరుద్ధమైనవి. వీటిలో పడవ నడిపేవాడు ముఖ్యంగా తెలుసుకోవలసినవి మూడు. ఆశుగం అంటే వేగంగా పోయేది. వ్యవాయి అంటే జీర్ణం కాకముందే శరీరమంతటా వ్యాపించేది. వికాసి అంటే సంధుల బిగువును సడలించేది. నేటి శాస్త్రం చెప్పే మాట కూడా దీనికి దూరం కాదు. అన్నంవలె అరగవలసిన అవసరం లేకుండానే మద్యం జీర్ణకోశం, చిన్నప్రేవుల గోడలనుండి రక్తంలో చేరి మెదడుకు పోతుంది. చివరి గుక్క తాగిన తరువాత కూడా అర్ధగంట నుండి గంటన్నర వరకు రక్తంలో దాని పాలు పెరగవచ్చును. కాబట్టి "రేవులో బాగానే ఉండెను, నడిమధ్యకు పోయినంక తూలిండు" అనే మాటలో వింత ఏమీ లేదు.

మదానికి మూడు అవస్థలు చెప్పారు. మొదటిదానిలో ఉల్లాసం, మాటలపై పాటలపై మక్కువ, ఆకలి, ధైర్యం. రెండవదానిలో జ్ఞాపకం వస్తూ పోతూ ఉండడం, మాట తడబడడం, తగినది తగనిది కలగాపులగం కావడం. మూడవ అవస్థలో మనిషి విరిగిపడిన మానువలె నిశ్చేష్టుడు. లోకులందరూ భయపడేది ఈ మూడవవానిని చూచి. నా అభిప్రాయం వేరు. మూడవ దశకు చేరినవాడు పడవ నడపడు. రేవులో చెట్టుకింద పడి ఉంటాడు. అతనివల్ల ఏ ప్రయాణికునికీ హాని లేదు. మొదటి దశవాడే చుక్కాని పట్టుకుంటాడు. అతని మాట స్పష్టంగానే ఉంటుంది, నడక సరిగానే ఉంటుంది, పైగా నలుగురిని నవ్విస్తాడు. గాలిదుమారం లేచే సూచన కనబడుతున్నా "ఏం గాదు, కూసోండ్రి" అంటాడు. ఆరుగురు ఎక్కవలసిన పడవలో పదిమందిని ఎక్కించుకుంటాడు. ఇంటి అరుగుపై కూర్చున్నవానికి మొదటి మదం కేవలం ఉల్లాసం కావచ్చును. నది నడుమ అదే పడవను ముంచుతుంది.

కొందరు విద్యావంతులు నాతో వాదిస్తారు: విధిప్రకారం సేవిస్తే మద్యం అమృతతుల్యమని చరకుడే అన్నాడు కదా అని. అన్నమాట నిజమే. ఆ విధిని కూడా చదవవలెను. స్నానం చేసి, సుగంధం పూసుకొని, స్నిగ్ధమైన ఆహారంతో, మనోహరమైన స్థలంలో, సుఖాసనంపై కూర్చుని, హితులైన మిత్రుల నడుమ మితంగా సేవించమని అక్కడ ఉన్నది. ఊగే పడవ ఆ వర్ణనలో నాకు ఎక్కడా కనబడలేదు.

ఇంద్రియాల విషయానికి వస్తే, చెవి లోపల ద్రవంతో నిండిన అర్ధవలయాకారపు నాళాలు ఉన్నాయి. శరీరం ఎటు తిరుగుతున్నదో, ఎటు ఒరుగుతున్నదో మెదడుకు తెలిపేవి అవే. మద్యం ఆ నాళాలలోని సున్నితమైన తెర బరువును మారుస్తుంది. అందువల్ల కదలనివాడు తిరుగుతున్నట్లు, తిరుగుతున్నవాడు నిలిచి ఉన్నట్లు తోస్తుంది. నేలపై ఉన్నవాడు గోడ పట్టుకుంటాడు. పడవలో పట్టుకోవడానికి గోడ లేదు, ఆధారమే కదులుతూ ఉంటుంది. దీనికి తోడు కంటి ప్రక్కచూపు సన్నగిల్లుతుంది. సాయంకాలపు మసకలో బండరాయికి, నీటి నీడకు భేదం తెలియదు. నీటిపై మెరిసే ఎండ, గాలి, కుదుపు ఇవన్నీ తాగనివానిని సైతం నాలుగు గంటలలో అలసింపజేస్తాయి. వాటికి మద్యం తోడైతే దాని ప్రభావం నేలపైకంటె పడవలో ఎక్కువగా ఉంటుంది.

మరొక సంగతి చెప్పడానికి కొంత సంకోచమే అయినా వైద్యుడు సంకోచించరాదు. మద్యం మూత్రలం. తాగినవాడు మాటిమాటికి లేచి పడవ అంచున నిలబడి మూత్రవిసర్జన చేస్తాడు. ఒక చేయి బట్టపై, చూపు క్రిందికి, కాళ్ళలో బిగువు లేదు. నీట పడడానికి ఇంతకంటె అనుకూలమైన భంగిమ లేదు.

కొన్నేళ్ళ క్రితం పుష్యమాసపు తెల్లవారుజామున ఇద్దరు అన్నదమ్ములు వల ఎత్తడానికి పోయారు. పెద్దవాడు ఇట్లే లేచి నిలబడి పడిపోయాడు. తమ్ముడు గడ అందించి లాగి, బోర్లా వేసి కడుపు నొక్కి, ఎడ్లబండిలో నా వద్దకు తెచ్చాడు. నేను ఊపిరి చూచి, ఒడలు ఆరబెట్టి, కంబళి కప్పి వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. అతడు బ్రతికాడు. తమ్ముడు నాతో ఒకే మాట పదేపదే అన్నాడు: "పొద్దున చుక్క ముట్టలేదయ్యా, రాత్రి తాగిండు అంతే."

"రాత్రి తాగిండు అంతే"

ఆ "అంతే" అనే మాటలోనే అసలు చిక్కు ఉన్నది. పాఠకులు ఈ లెక్కను కాస్త ఓపికగా గమనించాలి.

ఆరోగ్యవంతుని కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల మద్యసారాన్ని మాత్రమే విరచగలదు. 180 మిల్లీలీటర్ల విస్కీ సీసాలో, అంటే మనవారు క్వార్టర్ అనేదానిలో, 42.8 శాతం చొప్పున సుమారు 61 గ్రాముల మద్యసారం ఉంటుంది. అది పోవడానికి 6 నుండి 9 గంటలు కావాలి. రాత్రి పదకొండు గంటలకు సీసా ముగించినవాడు తెల్లవారి అయిదు గంటలకు వల ఎత్తడానికి పోతే అతని రక్తంలో మద్యం ఇంకా ఉండనే ఉన్నది. రెండు క్వార్టర్లు తాగినవానికి మరునాటి మధ్యాహ్నం దాకా ఉంటుంది. 8 శాతపు బీరు పెద్దసీసా, 650 మిల్లీలీటర్లది, సుమారు 41 గ్రాములు. "నేను బీరే తాగిన" అనేవారు దీనిని గుర్తించాలి.

కల్లు ప్రకృతిసిద్ధమైనదని, దానితో ఏమీ కాదని మా ప్రాంతపు నమ్మకం. తెల్లవారి దించిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. 5 శాతం అనుకున్నా లీటరు కల్లులో 40 గ్రాముల మద్యసారం, అనగా ఆ పెద్దసీసా బీరుతో సమానం. కల్తీ కల్లు సంగతి మరీ దారుణం. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి నిద్రమందులు కలిపిన కల్లు తాగినవాని లెక్కను ఏ వైద్యుడూ కట్టలేడు. ఏ క్షణాన కన్ను మూతపడుతుందో తెలియదు. ఇప్పసారా అంతే. ఇప్పపూవు మంచి ఆహారం, అడవిబిడ్డల ఆకలి తీర్చినది. దానిని బట్టీపెట్టి తీసిన సారా ఎంత ఘాటైనదో సీసాపై చీటీ ఉండదు.

ఈ కాలేయపు వేగాన్ని పెంచే ఉపాయం లేదు. నిమ్మరసం నోటికి రుచి ఇస్తుంది. మజ్జిగ దాహం తీరుస్తుంది. చన్నీటి స్నానం వణికిస్తుంది. కాఫీ, టీ కన్ను తెరిపిస్తాయి. తాగినవాడు మెలకువ కలిగిన తాగినవాడు అవుతాడే తప్ప తాగనివాడు కాడు. పైగా ఈ చిట్కాల వల్ల "ఇప్పుడు బాగైంది" అనే ధైర్యం కలుగుతుంది కనుక, రేవువద్ద ఇవి మేలుకంటె కీడే చేస్తాయి.

మత్తు పూర్తిగా దిగిన తరువాత కూడా పని ముగియదు. సుశ్రుతుడు పానాత్యయంతో పాటు పరమదం, పానాజీర్ణం, పానవిభ్రమం అని మరి మూడు చెప్పాడు. పరమదంలో ఒళ్ళు బరువు, నోటిలో విరసం, దప్పిక, తలనొప్పి, కీళ్ళనొప్పులు ఉంటాయి. మరునాటి ఉదయం మనం చూచేది ఇదే. చెవిలోని ఆ తెర యథాస్థితికి వచ్చేటప్పుడు తల మరొకసారి తిరుగుతుంది.

ఆసవారిష్టాల గురించి కూడా ఒక మాట. ద్రాక్షాసవం, దశమూలారిష్టం మొదలైన వాటిలో సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు స్వయంజనితమైన మద్యసారం ఉంటుంది. వైద్యుడు చెప్పిన 15 – 30 మిల్లీలీటర్ల మోతాదులో నీటితో కలిపి పుచ్చుకుంటే మత్తు కలుగదు. సీసాలకు సీసాలు తాగేవారిని నేను చూచాను. అది ఔషధసేవనం కాదు.

చట్టం, రేవు

మోటారు వాహనాల చట్టంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు మించరాదని హద్దు ఉన్నది. రోడ్డుపై పోలీసులు గొట్టంలో ఊదిస్తారు. రేవులో ఆ గొట్టం నేను ఎన్నడూ చూడలేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ప్రాణాపాయం కలిగేటట్లు నిర్లక్ష్యంగా నావ నడపడం 282వ సెక్షన్ క్రింద, అపాయకరమైన లేదా అధికభారం గల పడవలో కిరాయికి జనాన్ని తీసుకొనిపోవడం 284వ సెక్షన్ క్రింద నేరాలు. అమెరికా తీరరక్షక దళం ప్రతి ఏటా వెలువరించే లెక్కలలో, ప్రాణాలు తీసిన వినోద పడవ ప్రమాదాలకు తెలిసిన కారణాలలో మద్యపానానిదే మొదటి స్థానం. అక్కడి చట్టం ఇంజను పడవకు, తెరచాపకు, తెడ్డు పడవకు భేదం చూపదు. మన రేవులలో అంతటి తనిఖీ లేదు గనుక ఎక్కేవారే చూచుకోవాలి. పడవవాని నోటివాసన తెలిసిన తరువాత కూడా, మాట మంచిగున్నదని ఎక్కరాదు. లైఫ్ జాకెట్ ఇస్తే ఒడిలో పెట్టుకోక తొడుగుకోవాలి.

నీటిలో పడితే

తాగినవాడు నీటిలో పడినపుడు వానిని ఒడ్డుకు చేర్చిన తరువాత తలక్రిందులుగా వ్రేలాడదీయడం, కడుపు నొక్కడం, బండచక్రంపై వేసి త్రిప్పడం మన పల్లెలలో ఇప్పటికీ చేస్తున్నారు. ఇవి ప్రాణాంతకం. కడుపులోని మద్యం, అన్నం పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతాయి. ఊపిరి ఆడకుంటే వెల్లకిల పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊది, ఛాతీ నడుమ రెండు చేతులతో నొక్కాలి. ఊపిరి ఆడుతూ స్పృహ లేకుంటే ప్రక్కకు తిరిగి పడుకోబెట్టాలి. 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివాని నోటిలో నిమ్మరసం గాని, ఉల్లిరసం గాని, మరేది గాని పోయరాదు. తేరుకున్నట్లు కనబడినా ఆసుపత్రికి పంపాలి; ఊపిరితిత్తులలో చేరిన నీరు కొన్ని గంటల తరువాత కూడా కీడు చేస్తుంది.

నిత్యం తాగేవాని సంగతి

"రేపటినుండి పొద్దున ముట్టను" అని ఒట్టుపెట్టుకునే నిత్యపానపరుని విషయంలో భార్యాబిడ్డలు ఒక్కటి తెలుసుకోవాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు హఠాత్తుగా మానితే ఆరు గంటలనుండి రెండు రోజులలోపు చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి, కొందరికి మూర్ఛ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి ఉన్నట్లు కనబడడం, పలవరింత కూడా కలుగవచ్చును. 2015లో కల్తీ కల్లును అరికట్టినపుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎందరో వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలైనారు. చరకుడు మానినవాడు మళ్ళీ ఒక్కసారిగా మితిమీరి తాగితే ధ్వంసకం, విక్షయం అనే కష్టసాధ్య రోగాలు వస్తాయని కూడా హెచ్చరించాడు. అంటే తాగిన రోజు ఎట్లా అనర్హుడో, మానిన మొదటి వారం కూడా అట్లాగే చుక్కానికి అనర్హుడు. ఆ వారం పడవ తమ్ముని చేతికో, పొరుగువాని చేతికో ఇవ్వాలి. మాన్పించడం ఆసుపత్రి పర్యవేక్షణలో జరగాలి. ఇందులో ఇంటివైద్యం పనికిరాదు.

చలికి ఏమి చేయాలి?

పడవవారిని ఎందుకు తాగుతారని అడిగితే వారు చెప్పేది నిజాయితీగానే చెబుతారు: తెల్లవార్లు తడిబట్ట, చలి, భుజాల నొప్పి. మద్యం వెచ్చన ఇస్తుందని వారి నమ్మకం. వెచ్చగా తోచడం నిజం. చర్మంలోని రక్తనాళాలు విప్పారి లోపలి వేడి పైకి వస్తుంది గనుక అట్లా తోస్తుంది. ఆ వేడి గాలికి పోతుంది, లోపల శరీరం చల్లబడుతుంది. అటువంటివాడు చన్నీటిలో పడితే మరింత వేగంగా చేష్టలుడుగుతాడు. కాబట్టి చలికి వేరే ఉపాయం కావాలి. నేను చాలామందికి చెప్పినవి ఇవి.

పడవ ఎక్కడానికి అర్ధగంట ముందు వేడివేడి జొన్న అంబలి గాని, గటక గాని కడుపునిండా తాగాలి. ఖాళీ కడుపువాడే చలికి ఎక్కువ వణకుతాడు.

నువ్వులనూనె 100 మిల్లీలీటర్లు వెచ్చచేసి, పొయ్యిపైనుండి దించి కొంత చల్లారిన తరువాత ముద్దకర్పూరం 5 గ్రాములు పొడిచేసి కలిపి మూత పెట్టాలి. నిప్పుపై ఉండగా కర్పూరం వేయరాదు, అంటుకుంటుంది. దీనిని భుజాలు, నడుము, మోకాళ్ళకు రాత్రి పడుకునేముందు రుద్దుకోవాలి. అరచేతులకు రాసుకొని పడవ ఎక్కరాదు, గడ జారుతుంది. పుండ్లపై, పసిపిల్లలకు వాడరాదు.

రాత్రి తాగి, మరునాడు పడవ మానుకొని ఇంటిపట్టున ఉన్నవానికి దాహం, మంట, వికారం తగ్గడానికి ఖర్జూరాది మంథం మంచిది. గింజలు తీసిన ఖర్జూరం, ఎండుద్రాక్ష, చింతపండు, దానిమ్మగింజలు, ఉసిరిక కొద్దికొద్దిగా తీసుకొని చన్నీటిలో రెండు గంటలు నానబెట్టి, చిలికి, వడగట్టి కొంచెం కొంచెంగా తాగించాలి. మధుమేహం ఉన్నవారు దీనిని వైద్యుని అడిగి వాడాలి. ఇది ఉపశమనమే గాని మద్యాన్ని త్వరగా వెళ్ళగొట్టేది కాదని మళ్ళీ చెబుతున్నాను.

నదిపై వెంట తీసుకొనిపోవడానికి: శొంఠి పొడి అరచెంచా, ధనియాలు ఒక చెంచా, మిరియాలు నాలుగు, తులసి ఆకులు పది, నీరు రెండు గ్లాసులు. ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి, చిన్న బెల్లంముక్క కలిపి ఫ్లాస్కులో పోసుకోవాలి. కడుపులో పుండు, మంట ఉన్నవారు మిరియాలు మానివేసి శొంఠి సగానికి తగ్గించాలి. ఫ్లాస్కును పడవ అడుగున దొర్లకుండా గోనెసంచిలో చుట్టి పెడితే పొద్దెక్కేదాకా వేడి నిలుస్తుంది.